సెల్‌ఫోను ఆటలు - ఇంగ్లీషు మాటలు: ఒక తెలుగు మీడియం విద్యార్థి అనుభవం

సెల్‌ఫోనులో ఆటలాడుతూ ఇంగ్లీషు నేర్చుకోవచ్చునా అని మన కాలేజీలో ఎవరిని అడిగినా రెండు రకాల జవాబులు వస్తాయి. "ఫోను పట్టుకున్నవాడికి ఇంక చదువెక్కడిది?" అనేవారు కొందరు. "అన్నీ ఫోనులోనే ఉన్నాయి, క్లాసు దండగ" అనేవారు మరికొందరు. మొదటి మాట ఎక్కువగా మాస్టార్లది, రెండోది మా హాస్టలు మిత్రులది. రెండున్నర సంవత్సరాలుగా ఈ రెండు మాటల మధ్యా నలిగినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తానని సంచిక సంపాదకులకు మాటిచ్చాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను, ఫిజిక్సు విద్యార్థిని. మాది పల్నాడులో మిరప, పత్తి వేసుకునే కుటుంబం. పదో తరగతి దాకా మా ఊరి బడిలోనూ, ఇంటర్మీడియెట్ పక్క టౌనులోనూ, అంతా తెలుగు మీడియంలోనే చదివాను. 2021-22 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. నేను ఇక్కడ చేరింది 2023లో. కాబట్టి నాలాంటివాళ్ళకు వేరే దారి లేదు.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్సు వైవాలో జరిగిన సంగతి ముందుగా చెప్పాలి. ఘర్షణ మీద ప్రశ్న. ఎగ్జామినరు గారు నెమ్మదిగానే అడిగారు, నార్మల్ ఫోర్సు అంటే ఏమిటని. ఘర్షణ గుణకం నాకు తెలుసు. ఘర్షణ బలానికీ అభిలంబ బలానికీ ఉన్న సంబంధం తెలుసు. వాలుతలం మీద లెక్కలు నిద్రలో లేపి అడిగినా చేస్తాను. కాని 'నార్మల్' అన్న మాట చెవిన పడగానే నా బుర్రలో మెదిలింది 'సాధారణం'. ఆ అర్థం నాకు గట్టిపరిచింది సెల్‌ఫోను ఆటే. నార్మల్ అంటే సాధారణమైనదని ఎన్నోసార్లు వేలితో నొక్కి పాయింట్లు తెచ్చుకున్నాను. "ఆర్డినరీ ఫోర్సు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. మరో ప్రశ్న కూడా వెయ్యలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని పుస్తకం తిరగేస్తే తెలిసింది, అది మన అభిలంబమేనని.

మరి ఆట వల్ల చెడ్డానా? ఆ రోజు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కాలేజీలో చేరిన కొత్తలో క్లాసులో నా పరిస్థితి ఏమిటంటే, మాస్టారు బోర్డు మీద సమీకరణం రాసినంతసేపూ నాకు ప్రాణం లేచొచ్చేది. బోర్డు వదిలి మాట్లాడడం మొదలుపెట్టగానే చెవుల్లో దూది పెట్టుకున్నట్టుండేది. సమీకరణాలకు మీడియం లేదు గదా! పక్కన కూర్చున్న మిత్రుణ్ణి అడుగుదామంటే సిగ్గు. మాస్టార్ని అడుగుదామంటే, అడగడానికే ఇంగ్లీషు కావాలి. అప్పుడు రూమ్మేటు ఒకడు నా ఫోనులో ఒక భాష ఆట ఎక్కించి ఇచ్చాడు. బొమ్మ చూపిస్తుంది, మాట వినిపిస్తుంది, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. సరైతే గంట మోగుతుంది. తప్పయితే ఇంకో గంట మోగుతుంది, కొంచెం బాధగా. అంతే. క్లాసులో నలభై మంది తిరిగి చూడరు. ఆ ఒక్క సుఖం కోసమే నేను రోజూ ఆ ఆట ఆడానంటే అబద్ధం కాదు. తప్పు చేసినా ఎవరూ చూడని చోటు దొరకడం భాష నేర్చుకునేవాడికి ఎంత ఉపకారమో, ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునే పిల్లలకు తెలియదు.

ఇలాంటి వాటిలో ఇప్పుడు ప్రపంచమంతా ఎరిగినది డ్యుయోలింగో. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో 2011లో లూయిస్ వాన్ ఆన్, సెవెరిన్ హేకర్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. వాన్ ఆన్ పుట్టి పెరిగింది గ్వాటెమాలాలో. అక్కడ ఇంగ్లీషు వస్తే సంపాదన, ఇంగ్లీషు నేర్చుకోవాలంటే డబ్బు. మన దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు ఫీజులు కట్టినవాళ్ళకు ఈ చిక్కు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆట ఆడితే మాట ఎందుకు గుర్తుంటుంది? ఇది నా సబ్జెక్టు కాకపోయినా, గ్రాఫు గీయదగిన విషయం కాబట్టి లైబ్రరీలో కొంత వెతికాను. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జ్ఞాపకశక్తి మీద ఒక గ్రంథం ప్రకటించాడు. అర్థం లేని చిన్న చిన్న శబ్దాలు తయారుచేసుకుని, వాటి జాబితాలను తానే కంఠస్థం పట్టి, తానే మరిచిపోయి, మళ్ళీ తానే నేర్చుకుని కొలతలు తీశాడు. ప్రయోగశాలా ఆయనే, ఎలుకా ఆయనే! రెండోసారి నేర్చుకునేటప్పుడు మొదటిసారి కన్నా ఎంత శ్రమ ఆదా అయిందో చూశాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది. ఒక రోజు గడిచాక సుమారు 34 శాతం. 31 రోజులకు 21 శాతం. అంటే మరుపు మొదట్లో నిట్టనిలువున దిగి, తర్వాత నెమ్మదిస్తుంది. చూడగానే నాకు మరిగించిన నీళ్ళు చల్లారే గ్రాఫు గుర్తొచ్చింది.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఒక మాటను ఈ రోజు యాభైసార్లు చదవడం కన్నా, మరిచిపోబోయే సమయానికి పట్టుకుని మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోవడం మేలు. మళ్ళీ మూడు రోజులకు, మళ్ళీ వారానికి. ఇది మా నాన్నకు చెబితే కొత్త సంగతి కానే కాదు. మిరపకు తడి పెట్టడం అలాగే గదా. మొన్న పెట్టి ఇవాళ మళ్ళీ పెడితే వేరు కుళ్ళుతుంది. నల్లరేగడి నెర్రెలిచ్చేదాకా ఊరుకుంటే పూత రాలుతుంది. మట్టి పిడికిట్లో పట్టి చూసి, ఆరబోతోందనగా మోటారు వేస్తాడు. మొక్క వేరు లోపలికి దిగేకొద్దీ తడికీ తడికీ మధ్య ఎడం కొంచెం పెరిగినా తట్టుకుంటుంది. పరీక్షకు ముందు రాత్రి చదివే మన చదువులు ఒక్కసారి చెరువు తెగ్గొట్టి చేలోకి వదిలే రకం.

సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో దీనికి ఒక సులువైన పెట్టె చెప్పాడు. పెట్టెలో గదులుంటాయి. మాటలు రాసిన కార్డులు మొదటి గదిలో పెట్టాలి. జవాబు సరిగ్గా చెబితే కార్డు తరువాతి గదికి పోతుంది, తప్పితే మళ్ళీ మొదటి గదికి వస్తుంది. మొదటి గది రోజూ తియ్యాలి, వెనక గదులు ఎడంగా తియ్యాలి. ఈనాటి ఫోను ఆటల్లో చాలావాటి లోపల నడిచేది ఈ పెట్టె సంగతే. 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేసిన అంకి అనేది కూడా ఇలాంటిదే. ఆ మాటకు జపాను భాషలో కంఠస్థం అని అర్థం. ఆండ్రాయిడ్ ఫోనులో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అందులో గంటలూ బొమ్మలూ ఉండవు, కాబట్టి దాన్ని ఆట అనడం కొంచెం కష్టమే.

మరో ప్రయోగం సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారిదే పైచేయి: 81 శాతానికి 75. కాని వారం తర్వాత పెడితే తలకిందులయింది. చదివినవారికి 42 శాతం, గుర్తుచేసుకున్నవారికి 56. మనం రికార్డులు మళ్ళీ మళ్ళీ చదువుకుని 'వచ్చేసింది' అనుకుంటామే, అది ఆ అయిదు నిమిషాల రావడం. ఆట చేసే మేలు ఇక్కడే ఉంది. ఆట మనల్ని చదవనివ్వదు, అడుగుతుంది.

అయితే ఎలా అడుగుతుందన్నది ముఖ్యం. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం ఒక ఎత్తు, ఏ ఆధారమూ లేకుండా మాటను మన నోట్లోంచి తీయడం ఇంకో ఎత్తు. నాలుగిటిలో మూడు స్పష్టంగా తప్పని తెలిస్తే, నాలుగోది ఏమీ తెలియకుండానే నొక్కవచ్చు. నేను చాలాకాలం అలాగే నొక్కాను. దానికితోడు వరస రోజుల లెక్క ఒకటి. ఒక్క రోజు మానకుండా ఆడితే అంకె పెరుగుతుంది, మానితే సున్నా. నా అంకె 94 దాకా వెళ్ళింది. ఆ 94 రోజుల్లో ఆఖరి ముప్పై రోజులు నేను నేర్చుకున్నది ఏమీ లేదు. రాత్రి పదకొండు ముప్పావుకు లేచి, ఎప్పుడో వచ్చేసిన తేలిక పాఠం ఒకటి మళ్ళీ ఆడి, అంకె కాపాడుకుని పడుకునేవాణ్ణి. అది చదువు కాదు, కాపలా.

అక్షరాల ఆటల సంగతి వేరు. వర్డ్‌ల్ అనే ఆట చాలామందికి తెలుసు. జోష్ వార్డ్‌ల్ అనే ఇంజనీరు మాటల ఆటలంటే ఇష్టపడే తన సహచరి కోసం తయారుచేశాడు. 2021 అక్టోబరులో అందరికీ ఇచ్చాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనుక్కుంది. అయిదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. సైన్సు విద్యార్థికి ఇది మంచి వినోదం. ఏ మాట ముందు వేస్తే ఎక్కువ మాటలు కొట్టివేయవచ్చునన్నది సంభావ్యత లెక్క. ఇంగ్లీషు స్పెల్లింగులో ఏ అక్షరం పక్కన ఏ అక్షరం కుదురుతుందో చేతికి అలవాటవుతుంది. కాని అర్థం తెలియకుండానే గెలవవచ్చు! ఎన్నో మాటలు అలాగే గెలిచాను. స్పెల్లింగుకు మందు, మాటకు కాదు.

ఇలాంటి ఆట తెలుగులో ఎందుకు అంతగా వ్యాపించలేదని మా మిత్రుల్లో వాదం వచ్చింది. అక్షరం అంటే ఏమిటన్నదే మొదటి చిక్కు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. గడిలో ఏది పెట్టాలి? తకు బదులు తా వేస్తే సగం సరైనట్టా, పూర్తిగా తప్పినట్టా? మన పత్రికల గళ్ళ నుడికట్టులో ఒక్కో గడికీ పూర్తి అక్షరం వేసి ఈ చిక్కును ఏనాడో తీర్చేశారు. కంప్యూటరు సైన్సు మిత్రులు ఎవరైనా దీనిమీద కూర్చుంటే బాగుంటుంది. నేను మళ్ళీ ఇంగ్లీషు దారి పడతాను.

మా హాస్టల్లో ఒక మిత్రుడికి హిందీ వచ్చిన వైనం వింటే మా హిందీ మేడం గారికి కోపం వస్తుంది. నలుగురు జట్టుగా కలిసి ఆడే ఒక తుపాకుల ఆటలో వీడికి ఎప్పుడూ ఉత్తరాది కుర్రాళ్ళు జోడీ పడేవారు. చెవిలో మైకు పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడతారు. వెనక శత్రువున్నాడని హిందీలో చెప్పలేకపోతే చచ్చిపోతారు మరి. ఆరు నెలల్లో వాడు హిందీలో హెచ్చరించడం, బతిమాలడం, తిట్టడం అన్నీ నేర్చుకున్నాడు. వ్యాకరణం సున్నా. వేగం మాత్రం అద్భుతం. రెండు సబ్జెక్టులు తప్పాడన్నది కూడా రాయాలి, లేకపోతే ఈ వ్యాసం చదివి జూనియర్లు అపార్థం చేసుకుంటారు. అయినా నాకు వాడి దగ్గర ఒక సంగతి కనిపించింది. వాడికి మాటతో పనిపడింది. 94 రోజుల్లో నాకు మాటతో పనిపడలేదు. యాపిలు తింటున్న కుర్రవాడి గురించి నేనెవరితో మాట్లాడాలి?

రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదే సంగతి మా నాన్న దగ్గర ఇంకా బాగా తెలిసింది. మొదటి కోత అయి, కాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. రాత్రిపూట కాపలా మాది. మంచం మీద పడుకుని ఫోను తీశాను. గంట మోగింది.

"ఏంట్రా ఆ టింగుటింగులు?"

"ఇంగ్లీషు నాన్నా."

"ఇంగ్లీషు టింగుమంటదా?"

చూపించాను. తెర మీద రంగులు, పాయింట్లు, నక్షత్రాలు. చూసి ఫోను తన జేబులో వేసుకున్నాడు. నాలుగు రోజులు ఇవ్వలేదు. మా నాన్న కోపానికి కారణముంది. మా ఊళ్ళో ఒకాయన కాయ అమ్మిన డబ్బంతా ఫోనులో పేకాటకు పెట్టాడు. ఆన్‌లైన్ రమ్మీలాంటి వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. అయినా దొంగదారులు పోలేదు. తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ మనిషి భార్య మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చిన రోజు మా నాన్న నిర్ణయం జరిగిపోయింది: ఫోనులో ఆట అన్నది ఏదైనా ఒకటే. తేడా చెప్పబోతే "వాడూ మొదట్లో ఊరికే ఆడుతున్నా అనే చెప్పాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి రంగులు, గంటలు, వరస రోజుల అంకె, మానితే పోతుందన్న భయం రెండిటిలోనూ ఒకే బాపతు. లోపల పెట్టింది మాటలా, డబ్బులా అన్నదే తేడా.

ఆ నాలుగు రోజుల్లోనే ఒక రాత్రి మా మోటారు ఆగింది. నాన్న మెకానిక్కుకు ఫోను చేశాడు. కల్లంలో పడుకుని వింటున్నాను. "ఫేజు లేదనుకున్నా, చూస్తే త్రీఫేజూ వస్తంది. స్టార్టర్‌లో రిలే పోయినట్టుంది, కాంటాక్టరు వాసన కొడతంది. వోల్టేజి లోగా ఉంది. వైండింగు కాలిందేమో, బేరింగు కూడా సౌండు చేస్తంది." మా నాన్న చదివింది అయిదో తరగతి. ఆ కాసేపట్లో ఎన్ని ఇంగ్లీషు మాటలు వాడాడో లెక్కపెట్టి చూడండి. ఒక్కటీ తప్పుచోట వాడలేదు. గుంటూరు యార్డుకు పోతే కమీషను, గ్రేడు, కోల్డు స్టోరేజి. ఎరువుల కొట్టుకు పోతే ఇంకో డజను. ఏ ఆటా ఆడకుండా, ఏ పుస్తకమూ పట్టకుండా వచ్చిన మాటలు. పని ఉంది కాబట్టి వచ్చాయి, ఆ పనిలో పదేపదే నోట్లోంచి తీయవలసి వచ్చింది కాబట్టి నిలిచాయి. రాసి చూపిస్తే మాత్రం ఒక్కటీ చదవలేడు.

అక్కడ నాకు వైవా గుర్తొచ్చింది. నాకు పని పడింది ఫిజిక్సుతో. ఆట ఇచ్చింది యాపిళ్ళు, రైలు టిక్కెట్లు, హోటలు గదులు. తప్పు ఆటది కాదు. అది అందరి కోసం చేసిన మాటల మూట. నాకు కావలసిన మాటలు అందులో ఎవరో పెడతారని ఎదురుచూడడం నాది పొరపాటు. సొల్యూషన్ అంటే ఆటలో పరిష్కారం, కెమిస్ట్రీ లాబులో ద్రావణం. బేస్ అంటే అక్కడ పునాది, ఇక్కడ క్షారం. పవర్ అక్కడ అధికారం, ఇక్కడ సామర్థ్యం. మొమెంట్ అంటే అక్కడ క్షణం, ఇక్కడ భ్రామకం. ఫీల్డ్ అంటే పొలం. అయస్కాంత పొలమా అని నవ్వుకున్నాను గాని, మన పుస్తకాల్లో ఉన్న 'క్షేత్రం' కూడా పొలమే గదా!

సెలవుల నుంచి రాగానే నలుగురం కలిసి ఒక ఆట తయారుచేశాం. మొదట సెల్‌ఫోను లేకుండానే. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కార్డులు చేశాం. ఒకవైపు మా ఇంటర్మీడియెట్ పుస్తకంలోని తెలుగు మాట, రెండోవైపు ఇంగ్లీషు మాట. చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి గదులు చేశాం: రేపు, మూడు రోజులు, వారం, నెల. ఆట పేరు 'మాటకు మాట'. ఒకడు కార్డు తీసి తెలుగు మాట చదువుతాడు. రెండోవాడు ఇంగ్లీషు మాట చెప్పి ఊరుకుంటే కుదరదు, ఆ మాటతో ఒక పూర్తి వాక్యం చెప్పాలి. అది కూడా మా పాఠానికి సంబంధించిన వాక్యం. మిగతా ఇద్దరూ పుస్తకం తెరిచి తీర్పు చెబుతారు. సరైతే కార్డు వెనక గదికి, తప్పయితే 'రేపు' గదికి. రోజుకు ఇరవై నిమిషాలు, అన్నం తిన్న తర్వాత. ఎక్కువ తప్పులు చేసినవాడు అందరి సీసాల్లోనూ మంచినీళ్ళు పట్టి తేవాలి. మొదటి పదిరోజులూ నీళ్ళు నేనే మోశాను.

మాలో ఒకడు మొదటినుంచీ ఇంగ్లీషు మీడియం. వాడిది ఇంకో తమాషా. 'అభిలంబం' అనగానే తెల్లమొహం వేశాడు. "ఇది తెలుగా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తొమ్మిదో తరగతిలో నాకు కూడా అది విదేశీ మాటే, మా ఊళ్ళో ఎవరూ అభిలంబం అనరు. ఒక పరాయి మాట ఒకసారి నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు ఇంకోటి నేర్చుకోవాలి, అంతేగదా అన్న ధైర్యం నాకు వాడి ప్రశ్నవల్లే వచ్చింది.

కార్డులు పెరిగాక వాటిని అంకిలోకి ఎక్కించాం. బస్సులో, మెస్సు లైనులో నిలబడినప్పుడు ఫోనులో ఒంటరిగా గుర్తు చేసుకుంటాం. వాక్యం మాత్రం రాత్రి నలుగురి ముందే చెప్పాలి. ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఫోను మాటను గుర్తుంచుతుంది, నోరు తెరిపించదు. సిగ్గు లేని చోటు మొదట్లో కావాలన్నాను. కాని అక్కడే ఉండిపోతే సిగ్గు అలాగే ఉంటుంది. ముందు ఫోను ముందు, తర్వాత ముగ్గురు మిత్రుల ముందు, తర్వాత మాస్టారి ముందు. నాకు కుదిరిన వరస ఇది.

మన పల్లెటూళ్ళలో ఈ పని ఇదివరకే చేసి చూసినవారున్నారని తర్వాత తెలిసింది. కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు 2004లో మొదలుపెట్టి, ఉత్తరప్రదేశ్ పల్లెపిల్లలకు సెల్‌ఫోను ఆటలతో ఇంగ్లీషు నేర్పే ప్రయత్నం చేశాడు. అప్పటి ఫోనులు ఇప్పటివంటివి కావు, మీటలు నొక్కేవి. పాశ్చాత్య పద్ధతి ఆటలు పల్లెపిల్లలకు అంతగా పట్టకపోతే, ఆ బృందం మన ఊళ్ళల్లో పిల్లలాడే ఆటలు 28 పరిశీలించి, ఫోను ఆటలను వాటి పోకడలో తయారుచేసే దారి వెతికింది. 2010లో ప్రకటించిన మరో పత్రంలో, 26 వారాలపాటు మాస్టారి అజమాయిషీ లేకుండా పిల్లలు తమంతట తాము ఫోనులో ఎంత నేర్చుకుంటారో చూశారు. పొలం పనుల వల్ల, ఇంటి పనుల వల్ల బడికి సరిగా పోలేని పిల్లలకు వీలైన వేళ, వీలైన చోట చదువు అందించవచ్చునా అన్నది వారి ప్రశ్న. నేర్చుకోవడం ఫరవాలేదనిపించింది. చదివినప్పుడు నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది. మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను నేను ఇంటర్ చదివినంతకాలం నా చేతిలోనే ఉండేది. అంట్లు తోమి, గేదె పని చూసి అది వచ్చేసరికి నేను ఛార్జింగు అవగొట్టి ఉండేవాణ్ణి. ఇప్పుడు అది ఇంటర్ రెండో సంవత్సరం. ఆ బాకీ నాకు తెలుసు.

ఈ సంవత్సరం కొత్తగా చేరిన తెలుగు మీడియం జూనియర్లకు అనుభవం మీద ఒకటి రెండు మాటలు చెబుతాను. ఏ ఆట దొరికితే అది ఆడండి గాని, మూడు నెలలకు మించి అదే పట్టుకుని వేలాడకండి. వరస రోజుల అంకె తెగిపోతే తెగిపోనివ్వండి, ఏమీ కాదు. డబ్బు అడిగే ఆట, గెలిస్తే డబ్బిస్తాననే ఆట ఏదైనా సరే, తెరవకుండానే తీసెయ్యండి. కార్డులు ఎవరివాళ్ళు రాసుకోవాలి. మా డబ్బా అడిగి తీసుకుపోయిన ఒక బ్యాచి వాళ్ళకు పెద్దగా లాభం కలగలేదు, ఎందుకంటే మా తప్పులు వాళ్ళ తప్పులు కావు. మాటను ఒంటరిగా రాయవద్దు, పాఠంలోంచి వాక్యంతో సహా రాయండి. నార్మల్ అని ఒక్క మాట రాసుకుంటే నాకు జరిగిందే మీకు జరుగుతుంది.

మూడో సెమిస్టరు వరకు వైవాలో నేను మాట్లాడినదంతా కలిపితే ఒక పేజీ కాదు. నాలుగో సెమిస్టరులో మొదటిసారి ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఎగ్జామినరు గారు మధ్యలో ఆపి, "యస్, గో ఆన్" అన్నారు. నా ఇంగ్లీషులో క్రియలు ఇంకా కుంటుతూనే ఉన్నాయి. ఏకవచనానికి బహువచనం కలుపుతూనే ఉన్నాను. అయినా ఆయన ఆపలేదు, నేనూ ఆగలేదు.

మా నాన్న ఇప్పటికీ ఫోను ఆట అంటే ఒప్పుకోడు. చెప్పుల డబ్బాను మాత్రం ఒప్పుకున్నాడు, పోయిన దసరాకు ఇంటికి తీసుకెళితే కార్డులన్నీ బయటికి తీసి చూశాడు. మొన్న క్లాసులో ఉండగా వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. పురుగుమందు డబ్బా మీది చీటీ. ఎర్ర త్రికోణం అందరికీ తెలిసిందే, దాని పక్కన సన్నని ఇంగ్లీషు అక్షరాలు. ఒక మాట కింద గోరు పెట్టి ఫోటో తీయించాడు, చెల్లెలి చేత కాబోలు. సాయంత్రం ఫోను చేసి అడిగాడు, "ఆ మాటేంట్రా?" అని.

"యాంటిడోట్ నాన్నా. విరుగుడు. పొరపాటున లోపలికి పోతే డాక్టరు ఏం ఇవ్వాలో అక్కడ రాసుంటది."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆయన రెండుసార్లు అన్నాడు. మూడోసారి సరిగ్గా వచ్చింది.

ఫిజిక్సులో ఆ మాట ఎక్కడా రాదు. అయినా కార్డు రాశాను. ప్రస్తుతం 'రేపు' గదిలో ఉంది.